మూడో తాళంచెవి

చర్చిలో ఓక్ పెట్టెకి మూడు తాళాలు.
ఒక చెవి ఫాదర్ దగ్గర,
ఒకటి థర్జా ప్లమ్‌రిడ్జ్ దగ్గర,
మూడోది నా దగ్గర.
ముగ్గురూ ఒక్కచోట నిలబడితే తప్ప
స్కార్లీ పేరిష్ గతం తెరుచుకోకూడదని
ఎవరో పెట్టిపోయిన కట్టడి.
నా తాళం మా నాన్న హయాంలోనే తుప్పుపట్టి రాలిపోయింది.
చెవి మాత్రం కోటు జేబులో మోస్తున్నాను,
జేబు చిరిగితే కుట్టించుకుని మళ్ళీ మోస్తున్నాను.

ఏటికి ఎగువన ఒక మేనరు, దిగువన ఒకటి.
ఎగువ దొర ఫ్రాన్సు మీదికి యుద్ధానికెళ్ళి
గుర్రాన్నీ, ఒక కన్నునీ, సగం పొలాన్నీ పోగొట్టుకొచ్చాడు.
దిగువది సన్యాసినుల మఠానిది.
వాళ్ళెవరూ ఈ నేల తొక్కిన పాపాన పోలేదు గాని
ఏటా సెప్టెంబరు చివర
శిస్తు బాతుల్లో ఒకటి తగ్గినా కబురంపేవారు.

థర్జా భూతద్దం పట్టి కవిలె విప్పుతుంది.
గొర్రెతోలు చుట్ట; వానాకాలం ఇప్పటికీ గొర్రెవాసనే.
లాటిన్‌ని వేలితో తడుముకుంటూ చదువుతుంది:
"బావికాడి ఈడిత్,
నీళ్ళు కలిపిన బీరు అమ్మినందుకు రెండు పెన్నీలు."
మరుసటేడు అదే ఈడిత్, అదే బీరు, అవే రెండు పెన్నీలు.
పద్నాలుగేళ్ళు.
"ఇది జరిమానా కాదయ్యా, లైసెన్సు," అంటుంది.
ఇరవయ్యేళ్ళు పబ్బు నడిపిన మనిషి.

పంది బార్లీలో పడితే బందెలదొడ్డి.
అడవిలో ఎండుపుల్ల ఏరుకోవచ్చు, పచ్చికొమ్మ విరిస్తే కచేరీ.
చావుకీ రుసుమే:
ఇంట్లో మేలైన పశువు దివాణానిది.
"వాల్టర్ గోస్లింగ్ పోయాడు.
రావలసింది ఒక ఆవు. ఆవు లేదు. గొర్రె లేదు.
అందువల్ల ఒక ఇత్తడి కుండ."
ఆ పక్కన, చీమతలకాయంత అక్షరాలతో,
"చిల్లుది."

ఎన్నిసార్లు చదివినా థర్జా అక్కడ ఆగుతుంది.
ఆ ముక్క రాయమని గుమస్తాని ఎవరడిగారు?
కుండ ఎత్తి, వెలుతురుకి పట్టి చూసి ఉంటాడు.
గోస్లింగ్ పెళ్ళాం గుమ్మంలో నిలబడి ఉంటుంది.

తర్వాతి తోలు మీద చేతిరాత మారిపోయింది.
అది మహమ్మారి ఏడాది.
పాత రాత మళ్ళీ ఎక్కడా కనపడదు.

ఎగువ దివాణం ఇప్పుడు గొర్రెలు మేసే నాలుగు మిట్టలు.
ఎండలకి గడ్డి మాడిన ఏడు
గోడలు గీతలై పైకొస్తాయి, వాన పడగానే పోతాయి.
దొరతనం మాత్రం మొన్నామధ్య వేలానికొచ్చింది.
నేల లేదు, ఇల్లు లేదు, ఉత్త పేరు.
లీడ్స్‌లో ఒక పళ్ళ డాక్టరు కొనుక్కున్నాడు.
ఒకే ఒక్కసారి వచ్చి, మిట్టల ముందు ఫోటో దిగి,
కారెక్కడ ఆపుకోవాలని నన్నే అడిగాడు.
శిస్తు కింద బాతు పంపమంటారా, అన్నాను.
నవ్వాడు. పళ్ళు బాగున్నాయి.

పోయిన మార్చిలో కౌన్సిల్ నుంచి సర్వేయరు వచ్చింది,
చిన్నపిల్ల, బూట్లనిండా బురద.
కొత్త ఇళ్ళు కడతారట, దక్షిణపు పొలిమేర తేల్చాలట.
రోడ్డు వెడల్పు చేసిననాడే రాయి గల్లంతయింది,
రెండు మ్యాపులు రెండు రకాలుగా చెబుతున్నాయి.
"ఎక్కడుండేదో ఎవరికైనా గుర్తుందా?"

టోపీ తీశాను.
నా ఎనిమిదో ఏట, పొలిమేర తొక్కే రోజున,
మా మేనమామ ఎనక్ నన్ను కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి
ఆ రాయికేసి ఠంగున తాకించాడు.
"ఇక మర్చిపోవు," అని ఆరు పెన్నీల బిళ్ళ చేతిలో పెట్టాడు.
బిళ్ళ ఆ సాయంత్రమే మిఠాయిలకి పోయింది.
కళ్ళు మూసుకుని నడిచాను,
ఎల్డర్ పొద దగ్గర్నుంచి వాగు వైపు.
నడినెత్తి ఆగమన్నచోట ఆగాను.

ఆ రాత్రి మినిట్స్ పుస్తకంలో థర్జా రాసింది:
"దక్షిణపు రాయి, ఎల్డర్ పొదకి ఆరడుగులు.
ఆధారం: ఆంబ్రోస్ టట్‌వెల్ తల."
ఆ పక్కన, చీమతలకాయంత అక్షరాలతో,
"చిల్లు లేనిది."